రిపేరియన్: కృష్ణ ఒడ్డున ఒక ఇంగ్లీషు మాటను సొంతం చేసుకోవడం ఎలా

పేపరు చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతాం. చుట్టూ ఉన్నవన్నీ తెలిసిన మాటలే, ఇదొక్కటే తెలియదు. దాటేసి వెళ్తే వార్త సగమే బుర్రకెక్కుతుంది. డిక్షనరీ తీస్తే ఒక్క ముక్కలో అర్థం ఉంటుంది. చదివి మూసేస్తాం. వారం తిరిగేసరికి అదే మాట మళ్లీ ఎదురొస్తుంది, మళ్లీ మొదటికొస్తాం.

విజయవాడలో గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలకి సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతాను. పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇలాంటి మాటల దగ్గరే. ఇన్నేళ్లలో నాకు కుదిరిన పద్ధతి ఒకటుంది. అరుదైన మాటని మనకి తెలిసిన నేల మీద నిలబెట్టాలి, మన తెలుగు మాటల పక్కన కూర్చోబెట్టాలి. అప్పుడది మనతోనే ఉండిపోతుంది. ఒకే ఒక్క మాట తీసుకుని ఇది ఎలా చేయాలో మొదటినుంచీ చెబుతాను. ఆ మాట రిపేరియన్. కృష్ణ ఒడ్డున బతికేవాళ్లకి ఇంతగా పనికొచ్చే అరుదైన ఇంగ్లీషు మాట ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

మొదట వాక్యం మొత్తం రాసుకోండి

మాటని ఒంటరిగా నోట్సులోకి ఎక్కించకండి. అది ఏ వాక్యంలో కనపడిందో ఆ వాక్యం మొత్తం రాయండి. మా క్లాసులో మేం రాసుకున్న వాక్యం ఇది: "యాజ్ ఎ లోయర్ రిపేరియన్ స్టేట్, ఆంధ్రప్రదేశ్ ఫేసెస్ బోత్ ఫ్లడ్స్ అండ్ షార్టేజెస్." దిగువ రాష్ట్రం కాబట్టి వరదొచ్చినా మనకే, కొరతొచ్చినా మనకే అని దాని భావం.

వాక్యం మొత్తం ఎందుకు రాయమంటున్నానంటే, ఆ రోజు ఒకబ్బాయి లేచి, "వరదలకి దెబ్బతిని రిపేరులో ఉన్న రాష్ట్రం అనా సార్?" అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే సగం మంది అలాగే అనుకున్నారు. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు కూడా. వాక్యంలో వరద ఉంది, మాటలో రిపేరు వినిపిస్తోంది. కానీ వాక్యం పూర్తిగా ముందుంది కాబట్టి అక్కడే సరిచూసుకోగలిగాం. లోయర్ అనే మాట రిపేరుతో అతకదు. లోయర్ ఉందంటే అప్పర్ కూడా ఉండాలి. కిందా పైనా ఉండేది దేనికి? ఏటికి. అంతవరకూ డిక్షనరీ తెరవకుండానే వచ్చేశాం. మీరూ ముందు ఇలా ఊహించండి, ఆ తర్వాతే అర్థం చూడండి. తప్పు ఊహించినా ఫరవాలేదు, తప్పిన చోటే మాట గట్టిగా గుర్తుంటుంది.

స్పెల్లింగు విడివిడిగా పలికి రాయండి: ఆర్, ఐ, పి, ఏ, ఆర్, ఐ, ఏ, ఎన్. రిపేరులో ఆర్ తర్వాత ఇ వస్తుంది, ఇక్కడ ఐ. ఈ ఒక్క అక్షరం పట్టుకుంటే రెండూ కలగాపులగం కావు. పలకడం రైపేరియన్ అనీ ఉంది, రిపేరియన్ అనీ ఉంది. రెండూ సరైనవే, ఒత్తు పే మీద పడాలి. ఇంటర్వ్యూలో ఒకసారి ఇలా ఒకసారి అలా అనకుండా ఏదో ఒకటి పట్టుకోండి.

మాట పుట్టిన చోటికి వెళ్లండి

ఇప్పుడు డిక్షనరీ తెరవండి. ఫోనులో చూసినా సరే, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దొరికే లావుపాటి డిక్షనరీ అయినా సరే. అర్థం చదివాక అక్కడే ఆపకండి. మాట పుట్టుక చెప్పే వరస ఒకటి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. పిల్లలు దాన్ని వదిలేస్తారు. అసలు సొమ్మంతా అక్కడుంది.

రిపేరియన్ లాటిన్ మాట రీపా నుంచి వచ్చింది. రీపా అంటే ఏటి ఒడ్డు. నది కాదు, నదిలో నీరు కాదు, నీటికీ నేలకీ మధ్య ఉండే ఆ అంచు. రిపేరియన్ అంటే ఒడ్డుకు చెందినది, ఒడ్డును ఆనుకుని ఉన్నది. ఆనుకుని అన్న మన మాటని బాగా పట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ రీపా పిల్లలు ఇంగ్లీషు నిండా ఉన్నారు. రివర్ అన్న మాట కూడా అక్కడినుంచి వచ్చిందే, మొదట్లో ఒడ్డు అన్న అర్థంతో ఉండి తర్వాత నదికే పేరైపోయింది. అరైవ్ అన్న మాట చూడండి. అడ్ అంటే వైపుకు, రీపా అంటే ఒడ్డు. అరైవ్ అంటే మొదట్లో పడవ ఒడ్డుకు చేరడం. తెలుగులో మనం ఏమంటాం? దరి చేరడం. దరి అంటే ఒడ్డే కదా. కష్టాల్లోంచి గట్టెక్కాం అంటాం, అందులోనూ గట్టు ఉంది. లాటిన్ వాళ్లూ మనమూ ఏటి మీద పడవ నడిపిన మనుషులమే, ఇద్దరికీ చేరడం అంటే ఒడ్డు కనపడటమే. ఈ పోలిక క్లాసులో చెప్పిన రోజున ఎవరూ నోట్సు రాసుకోరు. రాసుకోకుండానే గుర్తుంటుంది.

ఒక జాగ్రత్త. రైవల్ అన్న మాట కూడా దీనికి చుట్టమే అనిపిస్తుంది, కానీ దాని తల్లి వేరు. రీవుస్ అంటే లాటిన్‌లో వాగు. ఒకే వాగు నీళ్లు వాడుకునేవాణ్ణి రీవాలిస్ అన్నారు, అతనే పోనుపోను పోటీదారు అయ్యాడు. తెలుగులో దాయాది కథ కూడా అచ్చం ఇదే. దాయం అంటే వారసత్వంగా వచ్చే సొత్తు, అందులో వాటా ఉన్నవాడు దాయాది. ఇవాళ క్రికెట్ వార్తల్లో దాయాదుల పోరు అంటే ప్రత్యర్థుల పోరు. పంచుకోవాల్సినవాళ్లే పోటీ పడతారని రెండు భాషలూ విడివిడిగా కనిపెట్టాయి. రిపేరియన్‌లో ఉన్నది పి, రైవల్‌లో ఉన్నది వి. అలా వేరుచేసుకోండి.

బ్యారేజీ మీదకి ఒకసారి నడవండి

ఇది చాలామంది చేయరు, నేను మాత్రం చేయమని పట్టుబడతాను. ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదకి వెళ్లండి. 1855 నాటి పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన కట్టడం, 70 గేట్లు, కిలోమీటరుకు పైగా పొడవు. మధ్యలో ఆగి, నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి నిలబడండి. మీ ఎడమ చేతి వైపు విజయవాడ, కుడి చేతి వైపు సీతానగరం. లెఫ్ట్ బ్యాంక్, రైట్ బ్యాంక్ అని ఇంగ్లీషులో రాసేది ఎప్పుడూ ఇలా నీటి ప్రవాహం వైపు చూస్తూ చెప్పే లెక్కే. సాగర్ కుడి కాలవ, ఎడమ కాలవ కూడా ఇదే లెక్క. మ్యాపు చూసి ఎడమ పక్కన ఉన్నది ఎడమ ఒడ్డు, కుడి పక్కన ఉన్నది కుడి ఒడ్డు అనుకుని పరీక్షలో తప్పు పెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు కంటికి కనపడేవాటిని ఒక్కొక్కటిగా తీసుకుని ఇది రిపేరియన్ అవునా కాదా అని అడగండి. సీతానగరం రేవు పక్కన నీళ్లలోకి వంగిన రెల్లు పొద ఉంటే, అది రిపేరియన్ వెజిటేషన్. వానాకాలం వెళ్లేసరికి లంకల నిండా తెల్లగా పూసే ఆ రెల్లే. ఏటి ఒడ్డున పెరిగే మద్ది చెట్టును పెద్దవాళ్లు ఏరుమద్ది అంటారు. ఆ ఏరు అన్న రెండక్షరాలు చేసేది రిపేరియన్ చేసే పనే. ఒడ్డు వెంట ఇలా మొక్కలూ చెట్లూ ఉన్న పట్టీని రిపేరియన్ జోన్ అంటారు. ఆ వేళ్లు గట్టు కోసుకుపోకుండా పట్టుకుంటాయి, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువునీ మట్టినీ ఏట్లో కలవకముందే కొంత ఆపుతాయి, నీటికి నీడనిస్తాయి. నరికేసిన చోట గట్టు ఎలా జారిపోతుందో వరద తీసిన తర్వాత వెళ్లి చూస్తే తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో ఈ బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోయాయి. ఆ తర్వాత ఒడ్డు వెంట నడిచినవాళ్లకి రిపేరియన్ బఫర్, అంటే ఏటికి కాపుగా వదిలిపెట్టే ఈ మొక్కల పట్టీ, ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు.

కృష్ణలంక వైపు కట్టిన రిటైనింగ్ వాల్? అది ఒడ్డునే ఉంది. అయినా దాన్ని రిపేరియన్ వాల్ అని ఎవరూ అనరు. ఇది ముఖ్యమైన సంగతి. అర్థం సరిపోయినంత మాత్రాన మాట సరిపోదు, ఆ మాటకి అలవాటైన జోడీలు ఉంటాయి.

దస్తావేజు తీసి చూడండి

ఈ మాట అసలు బరువు చట్టంలో ఉంది. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

చాలా ఏళ్ల కిందట ఒక లాయరు గారి దగ్గర తర్జుమా పని చేసేవాణ్ణి. ఒక కాగితంలో రిపేరియన్ ఓనర్ అని వచ్చింది. నేను నది యజమాని అని రాసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకి పెట్టుకుని, "నదికి యజమాని ఎవరండీ? నది ఒడ్డున చేను ఉన్న రైతండీ ఈయన" అన్నారు. తలెత్తుకోలేకపోయాను. కొట్టేసి, నదిని ఆనుకుని భూమి గల హక్కుదారు అని రాశాను. కాగితం కోర్టు దాకా అలాగే వెళ్లి ఉంటే ఆ రైతు అడగనిదాన్ని అడిగినట్టయ్యేది.

అప్పుడు ఆయన నేర్పిన పరీక్ష ఇప్పటికీ పిల్లలకి అదే చెబుతాను. పొలం దస్తావేజులో చెక్కుబందీ ఉంటుంది కదా, తూర్పు ఫలానా వారి చేను, దక్షిణం డొంక, పడమర ఫలానా వారి చేను, ఉత్తరం కృష్ణానది. ఆ నాలుగు హద్దుల్లో ఒకటి ఏరయితే ఆ భూమి రిపేరియన్ ల్యాండ్. ఏటికి వంద గజాల దూరంలో ఉన్నా సరే, మధ్యలో ఇంకొకరి చేను ఉంటే కాదు. ఏటి గాలి వచ్చినా కాదు, బోరులో ఏటి నీరే పడినా కాదు. ఆనుకుని ఉండాలి.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో 7వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఈ సంగతే ఉంది. సహజంగా పారే వాగునో, చెరువునో ఆనుకుని భూమి ఉన్నవాడు తాగడానికీ, ఇంటి అవసరాలకీ, పశువులకీ గొర్రెలకీ ఆ నీళ్లు వాడుకోవచ్చు. ఆ భూమిని తడుపుకోవచ్చు. అయితే తనలాగే ఒడ్డున ఉన్న తక్కిన వాళ్లకి చెప్పుకోదగ్గ నష్టం కలిగించకూడదు. రిపేరియన్ రైట్స్ అన్నదాని సారం ఇంతే. నీళ్లు వాడుకునే హక్కు, నీళ్ల మీద సొంతదారీ కాదు. ఈ తేడా తెలియకపోతే కృష్ణా జలాల మీద రాసే ఏ వ్యాసమూ సరిగ్గా అర్థం కాదు.

ఆ ఉదాహరణలో సహజంగా అన్న మాటని గమనించండి. బుడమేరు ఒడ్డున ఉన్న స్థలం గురించి ఈ మాట వాడొచ్చు, అది వాగు. బందరు కాలవ గట్టున ఉన్న ఇంటికో, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పక్కన ఉన్న స్థలానికో చట్టం భాషలో సాధారణంగా ఇది వర్తించదు, అవి మనుషులు తవ్వినవి. బెజవాడలో ఉన్నవాళ్లకి కాలవ గట్టూ ఏటి గట్టూ రెండూ గట్టే. ఇంగ్లీషులో ఈ మాట రాసేటప్పుడు మాత్రం వేరుచేయాలి.

ఎగువా దిగువా సరిచూడండి

పొలానికి చెప్పినదే రాష్ట్రాలకీ చెబుతారు. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మీదుగా హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నాలుగూ కృష్ణకి రిపేరియన్ రాష్ట్రాలు. పైనున్నది అప్పర్, కిందున్నది లోయర్. అయితే ఇవి చుట్టరికాల్లాంటివి. ఒకడు ఒకరికి అన్న, ఇంకొకరికి తమ్ముడు. కర్ణాటక మహారాష్ట్రకి దిగువ, మనకి ఎగువ. భారతదేశం కూడా బ్రహ్మపుత్ర మీద చైనాకి దిగువ, బంగ్లాదేశ్‌కి ఎగువ. అందుకని అప్పర్ రిపేరియన్ అని రాసేటప్పుడు ఏ నది మీద, ఎవరితో పోల్చి అన్నది వాక్యంలో కనపడాలి. కనపడకపోతే ఆ వాక్యం నిలబడదు.

గొడవ ఎక్కడ వస్తుందో అందరికీ తెలుసు. పైవాడు ఆపితే కిందివాడికి రాదు. 1895లో అమెరికా అటార్నీ జనరల్ హార్మన్, రియో గ్రాండే నది విషయంలో మెక్సికోకి అమెరికా బాకీపడిందేమీ లేదన్నట్టు అభిప్రాయం ఇచ్చాడు. తన హద్దులో పారే నీటి మీద పైవాడికే పూర్తి అధికారం అన్న వాదానికి ఇప్పటికీ ఆయన పేరే. ఆ వాదం నిలవలేదు. న్యాయంగా పంచుకోవాలన్న సూత్రమే గట్టిపడింది. మన దగ్గర 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం కింద 1969లో వేసిన బచావత్ ట్రైబ్యునల్, నాలుగేళ్లలో మూడేళ్లు నమ్మకంగా దొరికే నీరు 2060 టీఎంసీలు అని లెక్కగట్టి, మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కి 800 ఇచ్చింది. ఈ అంకెలు గ్రూప్స్ పిల్లలకి ఎలాగూ కావాలి. మాటతో పాటు అంకె, అంకెతో పాటు మాట గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ నేను క్లాసులో రెండు ప్రశ్నలు వేస్తాను. మీరూ జవాబు రాసుకుని తర్వాత చదవండి. తమిళనాడు కృష్ణకి రిపేరియన్ రాష్ట్రమా? గుంటూరు నగరం కృష్ణ ఒడ్డు నగరమా?

చెన్నై తాగునీటికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామని 1976లో ఒప్పుకున్నాయి. తెలుగు గంగ అలా వచ్చింది. తమిళనాడు కృష్ణ నీళ్లు తాగుతుంది, కానీ కృష్ణ ఒడ్డు దానికి లేదు. అందువల్ల రిపేరియన్ కాదు. ఇచ్చింది ఒప్పందం మీద, ఒడ్డు హక్కు మీద కాదు. గుంటూరు కూడా అంతే. తాగేది కృష్ణ నీరే, ఊరు మాత్రం ఏటికి దూరం. జిల్లాకి ఒడ్డు ఉంది, తాడేపల్లికి ఉంది, నగరానికి లేదు. ఈ రెండింటినీ సరిగ్గా చెప్పగలిగితే మాట మీ చేతికొచ్చినట్టే.

ఇరుగుపొరుగు మాటలు

వీటి మీద ఎక్కువసేపు అక్కర్లేదు. సముద్ర తీరానికి లిటొరల్ అంటారు, సూర్యలంక ఒడ్డు అలాంటిది. నది తన ప్రవాహంతో చేసేవాటికి ఫ్లూవియల్, కృష్ణ తెచ్చి పోసిన ఇసుక మేటలు ఫ్లూవియల్. బేసిన్ అంటే నదిలోకి నీరు చేరే మొత్తం ప్రాంతం, ఒడ్డు కంటే ఎంతో పెద్దది. రివర్‌సైడ్, రివర్‌ఫ్రంట్ రోజువారీ మాటలు.

ఆ చివరి రెండింటి దగ్గరే పిల్లలు జారతారు. కొత్త మాట వచ్చిందన్న ఉత్సాహంలో, మేం సాయంత్రం రిపేరియన్ పార్కుకి వెళ్లాం అని రాస్తారు. పున్నమి ఘాట్ దగ్గర వాకింగ్‌కి రివర్‌సైడ్ చాలు. రిపేరియన్‌కి చోటు చట్టం, నీటి పంపకాలు, పర్యావరణం. దాని జోడీలు కూడా కొన్నే: స్టేట్, రైట్స్, ఓనర్, ల్యాండ్, జోన్, బఫర్, వెజిటేషన్, ఫారెస్ట్. ఇవి నోటికి పడితే తొంభై పాళ్లు తప్పులు పోతాయి. మోర్ రిపేరియన్, మోస్ట్ రిపేరియన్ అని పోల్చి రాయకూడదు. ఒడ్డుని ఆనుకుని ఉండటంలో ఎక్కువా తక్కువా ఉండవు. నామవాచకంగా వాడొచ్చు: "ఆంధ్రప్రదేశ్ ఈజ్ ది లోవెస్ట్ రిపేరియన్ ఆన్ ది కృష్ణా."

తెలుగు చేయాల్సి వస్తే ఒకే మాట పట్టుకుని అన్నిచోట్లా అతికించకండి. లోయర్ రిపేరియన్ స్టేట్‌కి దిగువ రాష్ట్రం అంటే ఎవరికైనా తెలుస్తుంది. పేపర్లలో పరీవాహక రాష్ట్రం అని రాస్తారు, వాడుకలో పడిపోయింది కాబట్టి ఫరవాలేదు. కానీ పరీవాహక ప్రాంతం బేసిన్‌కి కూడా పేరు. రెండూ ఒకే పేజీలో వస్తే చదివేవాడు తికమకపడతాడు. రైట్స్‌కి ఒడ్డు హక్కులు, వెజిటేషన్‌కి ఏటి ఒడ్డు మొక్కలు అనండి. కరకట్ట అన్న మాటని మాత్రం దీనికి వాడకండి. కరకట్ట మనం పోసిన కట్ట, ఒడ్డు ఏరు చేసుకున్నది.

మీ సొంత వాక్యం రాయండి

మూడు వాక్యాలు చాలు. ఒకటి మీ ఊరి గురించి, ఒకటి రాష్ట్రం గురించి, ఒకటి చెట్టు గురించో గట్టు గురించో. పుస్తకంలో దొరికే వాక్యం వద్దు, మీరు చూసిన చోటు కావాలి. మర్నాడు ఇంకొకరి చేత చదివించండి. వాళ్లకి అర్థం కాకపోతే తప్పు మాటలో ఉండదు, దాని చుట్టూ మీరు పెట్టిన మాటల్లో ఉంటుంది. అక్కడ దిద్దుకోండి.

మొన్న మా క్లాసులో ఒకమ్మాయి, ఉండవల్లి వైపు నుంచి వస్తుంది, వాళ్ల నాన్న దస్తావేజు జిరాక్సు మడతపెట్టి తెచ్చింది. చెక్కుబందీ దగ్గర పెన్సిలుతో గీత గీసి ఉంది. "సార్, ఉత్తరం ఏరు. మాది రిపేరియనే కదా?" అంది. నేను చదివి తల ఊపాను. వెంటనే కూర్చుని రాసింది: "మై ఫాదర్స్ ఫీల్డ్ ఈజ్ రిపేరియన్ ల్యాండ్. ఇట్స్ నార్తర్న్ బౌండరీ ఈజ్ కృష్ణా." నదుల పేర్ల ముందు ది రావాలి కాబట్టి, కృష్ణాకి ముందు ఆ ఒక్క మాట నేను చేర్చి పుస్తకం తిరిగిచ్చాను.